తుడిచినను తరుగని నిల్వ

చేతి ఫోనులో చోటు చాలనప్పుడు నాలుగు ఛాయాచిత్రములు తుడిచివేసినచో చోటు దొరకును. ఇది మన యిండ్లలో అందరికిని అనుభవమే. కాని లక్షలాది జనుల వివరములను అనేక యంత్రములపై పంచి దాచు మహాభాండాగారములు కొన్నింట ఈ న్యాయము చెల్లదు. అచ్చట తుడిచివేసిన కొలది, కొంతకాలము వరకు, డిస్కు మరికొంత నిండును. వినుటకు విడ్డూరముగా నున్న ఈ సంగతికి కారణమేమో, డిస్కు నిండినప్పుడు నిర్వాహకుడు ఎచ్చట వెదకవలెనో ముచ్చటింతము.

ఇట్టి భాండాగారములలో కసాండ్రా యనునది ప్రసిద్ధము. ఫేస్‌బుక్ సంస్థలో పుట్టి, 2008లో లోకమునకు ఉచితముగా విడుదలైనది. గూగుల్ వారి బిగ్‌టేబుల్ (2006), అమెజాన్ వారి డైనమో (2007) అను వానిని గూర్చిన పరిశోధన పత్రములలోని భావములు దీనికి మూలము. పేరు మాత్రము గ్రీకు గాథలలోనిది. ఆ కసాండ్రా రాబోవు సత్యమునే చెప్పును, ఎవరును నమ్మరు. డిస్కు నిండుచున్నదని యంత్రము చేయు హెచ్చరికలకును తరచు ఇదే గతి!

సామాన్యముగా ఒక్కొక్క వివరమునకు మూడు ప్రతులు చేసి మూడు యంత్రములయందు ఉంచుదురు. మన వర్తకుల లెక్కలు ఎరిగినవారికి వ్రాత పద్ధతి కొత్త కాదు. వచ్చిన పద్దు ముందు చిట్టాలో పడును, పిమ్మట ఆవర్జాకు ఎక్కును. కసాండ్రా కూడ ప్రతి పద్దును డిస్కుపైని చిట్టాలో వ్రాసికొని, మెమరీలోని పట్టికలోను చేర్చును. ఆ పట్టిక నిండగానే వరుసపరచి డిస్కుపై కొత్త దస్త్రముగా దించును. ఒకసారి దించిన దస్త్రమును మరల దిద్దదు. లెక్క తప్పినచో షావుకారు పాత పుట చింపడు గదా, ఎదురు పద్దు వ్రాయును. తుడిచివేత కూడ అట్టి ఎదురు పద్దే. దీనిని టూంబ్‌స్టోన్, అనగా సమాధిశిల, అందురు. పాత వివరము ఉన్నచోటనే యుండును. దానికి తోడు శిల యొకటి చేరును.

ఏల ఈ చాదస్తము? ఒక యంత్రము చెడి మూలపడియున్న సమయమున ఎవరో ఖాతాదారు తన ఖాతా మూసి, చిరునామా తీసివేయుమనెననుకొందము. తక్కిన రెండు యంత్రములు ఆనవాలు లేకుండ చెరిపివేసినచో, మూడవది బాగుపడి వచ్చి, ప్రతులు సరిచూచుకొను వేళ, "నాకడ నున్నది మీకడ లేదు, చేరలేదు కాబోలు" అన్నట్లు ఆ వివరమును వారికి మరల ఇచ్చును. చచ్చినది లేచివచ్చును! శిల యున్నచో ఏది ముందో ఏది వెనుకో కాలమును బట్టి తేలును. అందుచేత వేరుగా నిర్ణయింపనిచో శిలను 8,64,000 సెకండ్లు, అనగా 10 దినములు, నిలుపుదురు. ఆలోపల ప్రతులను సరిపోల్చు రిపేరు జరుగవలెను. గడువు తీరిన పిమ్మట, చిన్న దస్త్రములను కలిపి పెద్దది చేయు కంపాక్షన్ వేళ, శిలయు దాని క్రింది వివరమును తొలగును. ఇందులో ఒక చిక్కు కలదు. కొత్త దస్త్రము పూర్తిగా వ్రాసినగాని పాతవి పోవు. కనుక చోటు చేయుటకే చోటు కావలెను. డిస్కులో సగము ఖాళీగా ఉంచుమని అనుభవజ్ఞులు చెప్పుచు వచ్చినది ఇందుకే.

డిస్కు నిండి గొంతుమీదికి వచ్చినప్పుడు ఆ 10 దినముల గడువును సున్న చేయుదమను బుద్ధి పుట్టును. మా అభిప్రాయమున ఇంతకంటె ప్రమాదకరమైన పని లేదు. చోటు దొరకును, నిజమే. ఒక యంత్రము ఆనాడు మూలపడియున్నచో మూసిన ఖాతా తెరచుకొనవచ్చును, తీసివేయుమన్న చిరునామాకు మరల జాబులు పోవచ్చును. దస్త్రములను చేతికందినట్లు తీసివేయుటయు తగదు.

అంతకు ముందు చూడదగినవి కలవు. డిస్కులో ఎంత నిండినదని యంత్రము చెప్పు లెక్కను, నోడ్‌టూల్ ద్వారా కసాండ్రా చెప్పు లెక్కను ప్రక్కప్రక్కన పెట్టవలెను. తేడా పెద్దదైనచో స్నాప్‌షాట్లను శంకింపవలెను. పట్టికను రద్దుచేయునప్పుడు కసాండ్రా ముందుజాగ్రత్తగా దాని స్నాప్‌షాట్ తీసి యుంచుట వాడుక. ఇది ఒకే దస్త్రమునకు రెండవ పేరు పెట్టుట వంటిది. రెండవ పేరు ఉన్నంతవరకు దస్త్రము చోటు వదలదు. లిస్ట్‌స్నాప్‌షాట్స్ అను ఆజ్ఞ వానిని చూపును, అక్కరలేనివానిని క్లియర్‌స్నాప్‌షాట్ తొలగించును. కొత్త యంత్రమును చేర్చిన పిమ్మట కూడ పాతవి తాము అప్పగించిన భాగమును క్లీనప్ అను ఆజ్ఞ వచ్చువరకు విడువవు. ఇది మరచుట సర్వసాధారణము.

ఇక మెమరీ. లినక్సులో ఖాళీ మెమరీ స్వల్పముగా కనబడగానే కంగారుపడ నక్కరలేదు. ఊరకయున్న మెమరీలో అది డిస్కు పుటలను దాచుకొని, ఇతరులు అడిగినప్పుడు విడుచును. అవైలబుల్ అను వరుసలోని అంకెయే చూడవలసినది. నిజమైన బాధ జావా వాడుకొను భాగమునది. ఒక్క ప్రశ్నకు వేయికి మించి శిలలు దాటవలసి వచ్చినచో కసాండ్రా హెచ్చరించును. లక్ష మించినచో ఆ ప్రశ్ననే త్రోసివేయును. అట్టి చదువులు పెరిగినకొలది జావా మెమరీ నిండి, అందలి చెత్త ఊడ్చుకొనుటకై యంత్రము కొంతసేపు మూగపోవును. పొరుగు యంత్రములు అది పోయినదని తలచి, దానికి చేరవలసిన పద్దులను తమ డిస్కులపై దాచును. ఒకచోటి మెమరీ బాధ ఈవిధముగా వేరొకచోట డిస్కు బాధ యగును. ఇట్లు దాచుట సాధారణముగా 3 గంటలవరకే. ఆపై వచ్చిన పద్దులను రిపేరే చేర్చవలెను.