విత్తని కూరలు

సముద్రమునందు మొలచు నాచు కొన్ని దేశములలో నిత్యాహారము. జపానువారు దానిని ఎండబెట్టి, కాగితమువలె పలుచని రేకులుగా చేసి, అన్నమునకు చుట్టి తినుదురు. ఆ రేకునకు వారి భాషలో పేరు ‘నోరి’. తెలుగు నోటికి ఆ పేరు కొత్తగా తోచకపోవుటయే వింత! మన పొరుగున రామనాథపురపు తీరమున స్త్రీలు కడలిలో మునిగి నాచును ఏరి తెత్తురు; కాని అది వారి కుండలోనికి పోదు, కర్మాగారములకు పోవును. అట్టి నాచునుండి తీసిన పదార్థమే ‘చైనా గ్రాస్’ అను పేరుతో మన అంగళ్లకు వచ్చుచున్నది. సముద్రపు నాచులో అయోడిను మొదలగునవి సమృద్ధిగా ఉన్నవని విని, దానిని వెలపెట్టి కొని తినువారు మన పట్టణములలోను బయలుదేరినారు. మంచిదే. కాని సముద్రపు గాలియైనను సోకని సీమలో, ఎవరును విత్తకుండ, ఎవరును నీరు పెట్టకుండ మొలచెడి ఆకుల మాట ఏమి?

పత్తికొండ పేరు చెప్పగానే చరిత్ర చదివినవారికి 1827 జూలైలో అక్కడ కలరాతో మరణించిన సర్ థామస్ మన్రో జ్ఞప్తికి వచ్చును. వర్తకులకు టమాటా సంత జ్ఞప్తికి వచ్చును. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో తలవంచుకొని వజ్రములు వెదకువారిని గూర్చి పత్రికలు ఏటేట వ్రాయును. అదే వానకు, అదే చేలలో, వజ్రము వెదకువాని కాలిక్రిందనే గురుగు, చెంచలి, గంగపాయల, అటికమామిడి మొలచును. వానిని గూర్చి వ్రాయువారు తక్కువ.

ఈ కూరలకు రైతు పెట్టిన పేరు కలుపు. అయినను కలుపు తీయబోయిన ఆడవారు దానినంతను గట్టున పారవేయువారు కారు. లేత చివుళ్లు గిల్లి ఒడిలో వేసికొని, సాయంకాలము ఇంటికి తెచ్చి, కందిపప్పుతో ఉడికించి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి మెత్తగా ఎనుపుదురు. జొన్నరొట్టెతోనో, సంగటితోనో ఆ పప్పు రుచి తిన్నవారికే తెలియును. గురుగు లేతగా ఉన్నపుడే కూర. తెల్లని కంకి వేసిన పిమ్మట అది పశువుల మేత. గంగపాయలలో కొంచెము పులుపు ఉండుటచే చింతపండు తగ్గించుట తెలిసిన ఇల్లాలి నేర్పు. ఏ ఆకు తినదగినదో, ఏది కాదో పుస్తకము చూచి నేర్చిన విద్య కాదు. తల్లి వెంట చేనికి పోయి నేర్చినది.

వీనియన్నింటిలోను ఈ సీమకు ప్రత్యేకమైనది కాసరకాయ. కాకరకు చిన్న చెల్లెలు వంటిది. చిటికెనవేలంత కాయ, ఒంటినిండ గీతలు, చేదు మాత్రము అక్కను మించును. దీని గడ్డ నల్లరేగడిలో లోతున దాగి, వేసవియంతయు నిద్రించి, వానలు పడగానే తీగ సాచును. నాగలి పైపైన పోయిన చేలలో ఏటేట తానే వచ్చును. తొడిమలు తీసి, ఉల్లిపాయలతో నూనెలో వేయించి, కారము చల్లి తినుదురు. మిగిలినవానిని ఎండబెట్టి దాచుకొందురు. కాకరకాయకంటె ఇందు కాల్షియము ఎక్కువని పరీక్షించినవారు తేల్చినారు. చేదునకు జడిసి దీనిని త్రోసివేయు పిల్లలే, పెద్దవారై ఊరు విడిచిన తరువాత దీనికొరకు ఉత్తరములు వ్రాయుదురు!

పత్తికొండకు సమీపముననున్న ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనములు ఉన్నవి. అందలి రెండవ శాసనములో ఆ చక్రవర్తి మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఓషధులు, దుంపలు, పండ్లు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించితినని చెప్పుకొన్నాడు. రెండువేల రెండువందల ఏండ్లకు పూర్వము, లేనిచోటికి తెప్పించుట రాజధర్మము. ఉన్నచోట ఉన్నదానిని చంపుట నేటి పద్ధతి.

ఆకుకూరయే సర్వరోగనివారిణి యని నేను చెప్పబోను. ధాత కరువులో, అనగా 1876–78 నాటి క్షామములో, ఆకులలములు తిని బ్రతుక యత్నించినవారు ఎందరో. వాన లేనపుడు ఆకును మొలవదు. మొలచినను ఆకు ధాన్యమునకు బదులు కాజాలదు, దానియందు కడుపు నింపు శక్తి స్వల్పము. 1881 జనగణననాటికి కర్నూలు జిల్లా జనాభా పదేండ్ల క్రిందటి దానికంటె సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. ఇక గంగపాయలలో ఆక్జాలిక్ ఆమ్లము హెచ్చు గనుక, మూత్రపిండములలో రాళ్లున్నవారు దానిని మితముగా తినవలెను.

అయితే కడుపు నిండినంతమాత్రమున రక్తము పట్టదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. బియ్యము చవుకయైనది, పళ్లెములో తెలుపు పెరిగినది, పచ్చదనము తగ్గినది. ఆకులలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదన్నది నిజమే; నిమ్మరసమువంటి సి విటమిను గల పదార్థము తోడైనచో మెరుగుగా పట్టును. గంగపాయలలోనైతే ఆల్ఫా లినొలెనిక్ ఆమ్లమను మేలైన కొవ్వు పాలకూరలోకంటె ఎక్కువ. ఈ జాతి కొవ్వులకొరకే పట్టణవాసులు చేపనూనె గుళికలు మ్రింగుచున్నారు. చేపకు అది వచ్చునది సముద్రపు నాచుల వలననే.

ఇప్పుడు పత్తి చేలలో కలుపు మందు చల్లుచున్నారు. రైతును నిందించి లాభము లేదు. కూలి పెరిగినది; తీయు చేతులు మిరపకోతలకు గుంటూరు వలసపోయినవి; టమాటా ధర పడిపోయి పంటను రోడ్డుమీద పారబోసిన సంవత్సరములు అతనికి ఉన్నవి. కాని మందు పడిన చేలో కలుపుతోపాటు కూరయు పోయినది. మిగిలిన ఆకును తినుటయు ప్రమాదమే. గ్లైఫోసేట్ వాడకముపై కేంద్రప్రభుత్వము 2022లో ఆంక్షలు విధించినది కూరలను తలచి కాదు, మనుష్యులకును పశువులకును కలుగు హానిని తలచి. కూలికి పోయిన స్త్రీకి ఒడి నిండ దొరకు కూర ఆమె కూలిలో లెక్కకు రాలేదు గనుక, పోయినపుడును ఎవరి లెక్కలోను పడలేదు.

గంగపాయల గింజ మట్టిలో ఏండ్ల తరబడి చావకుండ ఉండును. కాసరగడ్డయు పైతీగ మాడినంతమాత్రమున తేలికగా చావదు. గట్టువెంట మందు కొట్టకుండ బారెడు నేల విడిచిన చేలలో, రెండు మంచి వానలు పడినచో, కూర తానే తిరిగి వచ్చును.