దారిలో పోయిన 1.2 వోల్టులు

హాలోజెన్ హెడ్‌లైట్లున్న ఒక పాత కారు. ఇంజిన్ ఆపి, లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ మీద మీటరు పెడితే 12.4 వోల్టులు. బల్బు హోల్డరు దగ్గర చూస్తే 11.2. బ్యాటరీ బాగుంది, బల్బు కొత్తది, వైరు ఎక్కడా తెగలేదు. మరి మధ్యలో 1.2 వోల్టులు ఏమైనట్టు? బండి వైరింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ ప్రశ్నతో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. చాలామంది వైర్ల రంగులతో మొదలుపెడతారు. రంగులు కంపెనీకో తీరుగా ఉంటాయి. ఎర్త్ వైరు హోండా బైకుల్లో ఆకుపచ్చ, చాలా కార్లలో నలుపు, జర్మన్ కార్లలో గోధుమ రంగు. అంకెలు మాత్రం అన్ని బండ్లలోనూ ఒకటే.

1.2 వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. రాత్రిపూట రోడ్డు మీద గుంత ఎంత దూరం నుంచి కనిపిస్తుందో తేల్చేది ఆ 30 శాతమే.

ముందు బ్యాటరీ సంగతి. 12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ, లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. కాబట్టి పూర్తిగా చార్జయి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బండిలో 12.6 రావాలి. 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టు, 12 లోపు ఉంటే చార్జింగ్ పెట్టాల్సిందే. ఇంజిన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్యకు పెరగాలి. పెరగకపోతే ఆల్టర్నేటర్ వైపు వెతకాలి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీ ఉడికిపోతుంది. ఏ వైరూ ముట్టుకోకుండానే, రెండు కొలతలతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇక కరెంటు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60 వాట్ల హైబీమ్ బల్బుకి 5 ఆంపియర్లు, రెండింటికీ కలిపి 10. ఈ 10 ఆంపియర్లు బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి ఫ్యూజు, స్విచ్చు, కప్లర్లు దాటి బల్బులో వెలిగి, బాడీ ఎర్త్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరాలి. వెళ్లే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే ముఖ్యం. కొత్తవాళ్లు మరిచిపోయేది ఈ రెండోదాన్నే.

పోయిన వోల్టులను పట్టుకోవడం చాలా తేలిక. లైట్లు వెలుగుతుండగా మీటరుని డీసీ వోల్టుల మీద ఉంచి, ఒక పిన్ను బ్యాటరీ ప్లస్‌కి, రెండోది బల్బు ప్లస్ కాలికి పెట్టాలి. మన కారులో 0.4 వచ్చింది. తర్వాత ఒకటి బల్బు ఎర్త్ కాలికి, రెండోది బ్యాటరీ మైనస్‌కి. 0.8! నిజానికి ఇక్కడ సున్నాకి దగ్గరగా, మహా అయితే 0.1 రావాలి. ఈ కారులో రెండు హెడ్‌లైట్లకూ ఎర్త్ బోల్టు ఒక్కటే. దాన్ని విప్పితే వైరు చివరనుండే లగ్ కింద ఎర్రటి తుప్పు, దాని చుట్టూ పెయింటు. ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే సరి. 0.8 కాస్తా 0.1కి దిగుతుంది.

ప్లస్ వైపు పోయిన 0.4లో చాలా భాగం వైరుదే. చదరపు మిల్లీమీటరు మందం రాగి వైరు మీటరుకు 0.0175 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. అదే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మూడు మీటర్లు ఉంటే 0.035 ఓమ్. దాన్ని 10 ఆంపియర్లతో గుణిస్తే 0.35 వోల్టు. అదనపు లైట్లు పెట్టించుకునేటప్పుడు వైరు ఎంత మందం కావాలో కొట్టువాణ్ని అడగక్కర్లేదు, ఈ లెక్క వేసుకుంటే చాలు.

ఆ తుప్పు బోల్టు నిరోధం ఎంతో చూద్దాం. 0.8 వోల్టును 10 ఆంపియర్లతో భాగిస్తే 0.08 ఓమ్. మీటరుని కంటిన్యుటీ మీద పెడితే ఇక్కడ హాయిగా కూత వేస్తుంది, ఎందుకంటే చాలా మీటర్లు పదుల ఓమ్‌లు ఉన్నా కూత వేస్తాయి. కూత వచ్చింది కదా అని లైను బాగుందనుకోవడం కొత్తవాళ్లు పడే పెద్ద గోతి. లోడ్ నడుస్తుండగా కొలిచిన వోల్టేజీనే నమ్మాలి. సెల్ఫ్ మోటరు 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అక్కడ 0.01 ఓమ్ లూజు కనెక్షన్ చాలు, ఒక వోల్టు మాయం.

పోయిన వోల్టేజీ వేడిగా మారుతుంది. 0.8 వోల్టు, 10 ఆంపియర్లు, అంటే 8 వాట్ల వేడి. ఇనుప బోల్టు తట్టుకుంటుంది గానీ అదే లోపం ప్లాస్టిక్ కప్లర్‌లో ఉంటే? ఇప్పుడు వెలుగు చాల్లేదని 60 వాట్ల బల్బులు తీసి 100 వాట్లవి పెట్టించారనుకోండి. కరెంటు 10 నుంచి 16.7కి పెరుగుతుంది. వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 8 వాట్లు 22 దాటుతాయి. ఇది చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడికి దగ్గర. కప్లర్ కరుగుతుంది. దానికి తోడు నీలం ఫ్యూజు, అంటే 15 ఆంపియర్లది, మాటిమాటికీ పోతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా చూడటానికి, బల్బుని కాపాడటానికి కాదు. వైరు మోయగలిగిన దానికన్నా పెద్ద ఫ్యూజు పెడితే షార్ట్ అయినప్పుడు ముందు వైరే అంటుకుంటుంది. బ్యాటరీ అప్పుడు వందల ఆంపియర్లు వదలగలదు.

వెలుగు నిజంగా చాలకపోతే రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపించే పరికరం, పెట్టుకోవాలి. దాని మీద 30, 85, 86, 87 అని ఉంటాయి. 85, 86 కాయిల్‌వి. కాయిల్ దాదాపు 80 ఓమ్‌లు, అంటే స్విచ్చు గుండా వెళ్లేది 0.15 ఆంపియరే. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, అక్కడి నుంచి 87 ద్వారా బల్బుకి, మందపాటి వైరుతో దగ్గరి దారి. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. మీటరు ఎర్ర వైరుని 10ఏ సాకెట్‌లో వదిలేసి వోల్టేజీ కొలవకూడదు, అది బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లకండి, వాటిలో వందల వోల్టులుంటాయి.

మొదటి సాధన బండి మీద వద్దు. ఒక చెక్క మీద బైకు బ్యాటరీ, 5 ఆంపియర్ల ఫ్యూజు, స్విచ్చు, 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు బిగించండి. కరెంటు 1.75 ఆంపియర్లు రావాలి. స్విచ్చు వేసి ప్లస్ వైపు, బల్బు కాళ్ల మధ్య, ఎర్త్ వైపు వోల్టేజీ కొలిచి మూడూ కూడితే బ్యాటరీ వోల్టేజీ రావాలి. ఆ తర్వాత ఎర్త్ లగ్ కింద కావాలనే ఒక తుప్పు పట్టిన వాషరు వేసి, మళ్లీ ఆ మూడూ కొలిచి, ఏది పెరిగిందో, ఏది తగ్గిందో రాసుకోండి.