ఒక్కరి వంట: ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు

నలుగురికి వండి అలవాటైన చేయి ఒక్కరికి వండాల్సి వస్తే బియ్యం దగ్గరే తడబడుతుంది. చదువుకో ఉద్యోగానికో ఊరు మారిన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి ‘నీళ్లెన్ని పొయ్యాలమ్మా?’ అని అడిగితే ‘ఒకటికి రెండు’ అంటుంది అమ్మ. ఇంటిల్లిపాదికీ కుదిరే ఆ లెక్క చిన్న గిన్నెలో కుదరదు. తప్పు అమ్మదీ కాదు, పిల్లలదీ కాదు. వంటలో కొన్ని మనుషుల లెక్కన తగ్గుతాయి, కొన్ని తగ్గవు.

రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఒక్కరికి ఒక పూటకు అర కప్పు, అంటే 75 గ్రాములు. బాగా తినేవారికి 100. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకు 250 గ్రాముల ధాన్యం చాలంది. రెండు పూటల అన్నమూ, పొద్దున టిఫిన్‌లో రవ్వా పిండీ అన్నీ అందులోనే.

ఇక నీళ్లు. గింజ పీల్చుకునే నీరు బియ్యాన్ని బట్టి ఉంటుంది. ఆవిరైపోయేది మాత్రం గిన్నె వెడల్పును, మంటను, ఉడికే సేపును బట్టి ఉంటుంది. మెత్తటి అన్నానికి కప్పు బియ్యం కప్పున్నర నీళ్లు పీలుస్తుందనీ, పొయ్యి మీది గిన్నెలోంచి అర కప్పు ఆవిరైపోతుందనీ అనుకుందాం. అర కప్పు బియ్యానికి ముప్పావు, అర కలిపి కప్పుంబావు నీళ్లు కావాలి: ఒకటికి రెండున్నర. అదే మూడు కప్పులకైతే అయిదు కప్పులు చాలు: ఒకటికి రెండు కూడా అక్కర్లేదు. ఒక్కరికి వండితే పలుకుగా మిగలడం, చుట్టాలొచ్చిన రోజు ముద్దవడం అందుకే. కుక్కర్‌లో ఆవిరి నష్టం తక్కువ గనుక ఈ తేడా అంతగా కనబడదు.

ప్రెషర్ కుక్కర్ కూతలూ మనుషుల లెక్కన తగ్గవు. లోపల వేడి దాదాపు 120 డిగ్రీలు. ఆవిరి పట్టాక 50 గ్రాముల కందిపప్పైనా పావు కిలో అయినా ఉడకడానికి పట్టే సమయం ఒకటే. ఎక్కువ పప్పు వేస్తే ఆవిరి పట్టడానికే ఆలస్యం.

ఒంటరిగా వండుకునేవారికి పప్పును మించిన తోడు లేదని నా నమ్మకం. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అంతా ఒకేసారి ఉడికించి, సగం ఉప్పు వేయకుండా తీసి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పప్పుచారు సిద్ధం. అనుకోకుండా ఇద్దరొచ్చినా ఆ పప్పే ఆదుకుంటుంది. మిగిలిన అన్నం విషయంలో మాత్రం జాగ్రత్త. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉండొచ్చు. గది వేడిలో అవి పెరిగి విషం పుట్టిస్తే, మళ్లీ వేడి చేసినా అది పోదు. వెడల్పాటి గిన్నెలో పరిచి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

నలుగురు చుట్టాలొస్తే మీతో అయిదుగురు. తలకు 100 గ్రాముల చొప్పున అర కిలో బియ్యం, 150 గ్రాముల చొప్పున ముప్పావు కిలో కూరగాయలు. రెండు కూరలు చేయాలనిపిస్తే ఆ ముప్పావు కిలోనే పంచుకోవాలి. ఒక్కో కూరకు మళ్లీ ముప్పావు కిలో తరిగితే మూడు రోజులు అదే తినాలి. మర్యాద కోసం వంటకాలు పెంచడం తప్పేం కాదు, ఒక్కోదాన్నీ అందరికీ సరిపడా చేయడమే తప్పు.

పోపు నూనెను మనుషుల లెక్కన తగ్గించలేం. ఆవాలు మునగకపోతే చిటపటలాడకుండానే మాడతాయి. అందుకే బాణలి పక్కన పెట్టి చిన్న పోపు గరిటె కొనుక్కోవాలి. జాతీయ పోషకాహార సంస్థే చెప్పిన లెక్కన నూనె రోజుకు 27 గ్రాములు. లీటరు ప్యాకెట్ బరువు సుమారు 910 గ్రాములు గనుక ఒక్కరికి 33 రోజులు రావాలి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, ఊరగాయలోదీ అందులోదే. ఆ లెక్కన కిలో ప్యాకెట్ ఒక్కరికి 200 రోజులు రావాలి. ఈసారి ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీద తేదీ రాసి పెట్టండి.