లినక్స్‌లో తెలుగు పీడీఎఫ్ నిర్మాణం: పరిశోధకులు గమనించవలసిన అంశాలు

1. ప్రవేశిక:
విశ్వవిద్యాలయాలు ఆమోదించిన సిద్ధాంత గ్రంథాలు నేడు శోధగంగలో పీడీఎఫ్ రూపంలో నిక్షిప్తమవుతున్నాయి. అయితే తెరపై చక్కగా కనిపించే తెలుగు పుటలో వెదికిన పదం దొరకకపోవడం, నకలు తీసిన వాక్యం అర్థంలేని గుర్తులుగా మారడం పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే అనుభవం. దీని కారణాన్ని, లినక్స్‌లో దీనికి గల పరిష్కారాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సమస్య మూలం:
1993లో అడోబ్ సంస్థ ప్రవేశపెట్టిన పీడీఎఫ్ 2008లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇది ప్రధానంగా పుట ఆకృతిని భద్రపరుస్తుంది. ఏ అక్షరరూపం ఎక్కడ నిలవాలో ఇందులో నమోదవుతుంది. ఆ రూపం ఏ యూనికోడ్ సంకేతానికి చెందినదో తెలిపే పట్టిక వేరుగా ఉండాలి. ఉదాహరణకు 'స్త్రీ' అనే పదం యూనికోడ్‌లో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అనే 6 సంకేతాల వరుస. పుటపై మాత్రం చివరి గుడిదీర్ఘం మొదటి సకారాన్నే చేరుతుంది. టైపు చేసిన క్రమం, కనిపించే క్రమం వేరు కావడం వల్ల పాఠం చెదిరే అవకాశం ఉంది. యూనికోడేతర ఖతులలో లాటిన్ సంకేతాల స్థానంలో తెలుగు రూపాలను అమర్చుతారు కనుక అక్కడ తెలుగు పదాన్వేషణే సాధ్యపడదు.

3. నిర్మాణ విధానం:
లిబ్రేఆఫీస్ రైటర్‌లో మండలి, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు వంటి యూనికోడ్ ఖతితో కూర్చి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ సదుపాయం ద్వారా పీడీఎఫ్‌గా మార్చవచ్చు. అందులో పీడీఎఫ్-ఏ ఎంపిక దీర్ఘకాలిక భద్రతకు ఉద్దేశించినది. అధోజ్ఞాపికలు అధికంగా గల గ్రంథానికి జీలేటెక్ అనుకూలం. దానిలో ఖతిని పేర్కొనేటప్పుడు లిపి తెలుగు అని తెలపాలి. మూలపాఠాన్ని కూడా పీడీఎఫ్‌లో నిక్షిప్తం చేసే 'యాక్చువల్ టెక్స్ట్' సదుపాయాన్ని క్రియాశీలం చేయాలి.

4. పరీక్ష:
పాప్లర్ ఉపకరణాలలోని పీడీఎఫ్‌ఫాంట్స్ ఆదేశం ఖతులు ఫైలులో ఇమిడి ఉన్నాయో లేదో, యూనికోడ్ పట్టిక ఉందో లేదో చూపుతుంది. పట్టిక ఉన్నంత మాత్రాన అది సరైనదని భావించరాదు. కనుక పీడీఎఫ్‌టుటెక్స్ట్ ఆదేశంతో పాఠాన్ని వెలికితీసి, స్త్రీ, లక్ష్యం, శాస్త్రం వంటి సంయుక్తాక్షర పదాలను మూలంతో సరిపోల్చాలి.

5. ముగింపు:
అన్వేషణకు లొంగని సిద్ధాంత గ్రంథం భద్రంగా ఉన్నా భావి పరిశోధకునికి అందనట్లే. తెరచదువరి సాధనంపై ఆధారపడే అంధ పాఠకునికి అది ఖాళీ పుటతో సమానం. కనుక సమర్పణకు ముందు ఈ పరీక్షను అక్షరదోషాల సవరణతో సమానమైన బాధ్యతగా పరిశోధకులు, పర్యవేక్షకులు స్వీకరించవలసి ఉంది.