తుపాకీకి తాళం, చదువుకి తలుపు

ఇంట్లో చురుకైన పిల్ల ఉంటే తల్లికి ఆనందం ఒకవైపు, దిగులు ఇంకోవైపు. "దీని బుర్రకి తగ్గ చదువు మనం చెప్పించగలమా?" అన్న ఆలోచన అన్నం వార్చుతున్నా వదలదు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తున్నా వదలదు. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఈ దిగులు మరీ ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లనీ, జీడితోటల్నీ నేలకూల్చింది. కొత్త మొక్క పెట్టి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది. పిల్ల మాత్రం అన్నేళ్లు ఆగదు కదా! ఏడాదికో తరగతి ఎక్కేస్తుంది. పైగా ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటే, చేతికొచ్చిన డబ్బు ముందు మందులకే పోతుంది.

అలాంటి ఇంటి నుంచే పలాసకి వచ్చి ఇంటర్ చదువుతోంది ఒక అమ్మాయి. కాలేజీ వక్తృత్వ పోటీ కోసం ఆమె రెండు అంశాలు తయారు చేసుకుంది. ఒకటి తుపాకుల నియంత్రణ, రెండోది ప్రతిభ గల పిల్లల చదువు. "ఈ రెండిటికీ పొంతనేమిటే?" అని అడిగితే, "ఉంది పిన్నీ. తుపాకీ దొరకడం కష్టంగా ఉండాలి, చదువు దొరకడం తేలిగ్గా ఉండాలి. చాలాచోట్ల ఇది తిరగబడింది. అదే నేను చెప్పేది" అంది. పదిహేడేళ్ల పిల్ల మాట అని తీసిపారెయ్యకుండా కొంచెం వినండి.

మన దగ్గర తుపాకీ ఎవరికిస్తారు?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తుపాకీ ఉంచుకోకూడదు. 21 ఏళ్లు నిండాలి. పోలీసుల విచారణ జరగాలి. ఎందుకు కావాలో కారణం చెప్పాలి. 2019లో చట్టాన్ని ఇంకా బిగించారు. ఒక మనిషి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్నదాన్ని రెండుకి తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదకి తెచ్చేవాళ్లకి రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యొచ్చు.

"మరి మా తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి కదా, తుపాకీ వద్దా?" అని ఉద్దానం ఆడవాళ్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ప్రాణం పోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. పంట కాపాడుకోడానికి లైసెన్సు అడిగే వీలు చట్టంలో ఉంది. కానీ ఎలుగుని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ప్రాణం కాపాడుకోడానికి తప్పనిసరి అయినప్పుడే మినహాయింపు. ఈ అమ్మాయి చెప్పేది ఇంకా సూటిగా ఉంది: "ఇంట్లో నాటు తుపాకీ దాచుకుంటే ఎలుగు కంటే ముందు దాన్ని పట్టుకునేది మా తమ్ముడే!" తెల్లవారకముందు తోటలోకి ఒంటరిగా వెళ్లకపోవడం, నలుగురూ కలిసి చప్పుడు చేస్తూ వెళ్లడం, ఎలుగు కనిపిస్తే వెంటనే అటవీ శాఖ వాళ్లకి కబురు చెయ్యడం - ఇవి తుపాకీ కంటే నయం అంటుంది.

చదువుకెళ్లిన చోట భయం

తెలివైన పిల్లల్ని పెద్ద చదువులకి అమెరికా పంపాలని ఎవరికుండదు? అక్కడి తుపాకుల సంగతి కూడా తెలుసుకోవాలి. ఆయుధం ఉంచుకునే హక్కు 1791 నుంచీ వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. దేశమంతటికీ వర్తించే చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితే దుకాణంలో రైఫిలు, 21 నిండితే పిస్తోలు కొనుక్కోవచ్చు. కొనేవాడికి పాత నేరాలున్నాయా అని చూసే పద్ధతి 1993లో చేసిన బ్రేడీ చట్టంతో వచ్చింది. అయినా 2020 నుంచి అక్కడ ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల వయసు వాళ్ల చావులకి మొదటి కారణం తుపాకీ గుండు. అంతకుముందు ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది.

మన తెలుగువాళ్లూ బలయ్యారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో ఒకడు కాల్చి చంపాడు. 2018 జూలైలో కాన్సస్ సిటీలో వరంగల్ నుంచి వెళ్లిన విద్యార్థి, 2023 మేలో టెక్సస్‌లో షాపింగుకి వెళ్లిన హైదరాబాద్ యువ ఇంజనీరు - ఇలా కన్నవాళ్లకి కడుపుకోత మిగిల్చినవి ఎన్నో.

మన నేలకీ తుపాకీ చప్పుడు తెలియనిది కాదు. ఉద్దానంలోని బొడ్డపాడు నుంచి ఉద్యమంలోకి వెళ్లిన, చదువుకున్న యువకుడు పంచాది కృష్ణమూర్తి 1969 మేలో పోలీసు తూటాలకి చనిపోయాడు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అందుకే ఈ అమ్మాయి, "ఇంట్లో తుపాకీకే కాదు పిన్నీ, బందోబస్తుకొచ్చిన తుపాకీకీ లెక్క చెప్పాలి" అంటుంది. కాదనడానికి నాకు మాట దొరకలేదు.

చదువుకి ఎన్ని తాళాలో!

ఇక రెండో మాట. పేదింటి తెలివైన పిల్లలకి తలుపులు లేకపోలేదు. కానీ తాళంచెవి ఎక్కడుందో తల్లులకి తెలీదు. ఈ అమ్మాయి ఇంట్లో జరిగిందే చూడండి. మూడో తరగతి దాకా ఊరి బడిలో చదివింది. "చురుకైన గుంట, ఇక్కడెందుకు" అని నలుగురూ అనడంతో అమ్మ అప్పు చేసి మరీ నాలుగో తరగతికి పట్నం బడిలో వేసింది. ఐదులో నవోదయ పరీక్ష రాసేటప్పుడు తేలింది, పల్లె పిల్లల కోటా పోయిందని! పట్నం పిల్లగా రాసింది, సీటు రాలేదు.

నవోదయ నియమం ఇది. ప్రతి విద్యాలయంలో ఆరో తరగతికి 80 దాకా సీట్లు. అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా పల్లెలోని బడిలో చదివినవాళ్లే పల్లె పిల్లల లెక్కలోకొస్తారు. మధ్యలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా ఆ కోటా ఉండదు. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ కాబట్టి అక్కడి బడి పట్నం బడే. ఇప్పుడు ఆ అమ్మాయి చెల్లెలు మూడో తరగతి. తల్లి మళ్లీ పట్నం మాట ఎత్తితే, అక్కే అడ్డుపడి ఆపింది. "అప్పు చేసి నాకు పోగొట్టిన సీటు, అప్పు లేకుండా దీనికి రానీ అమ్మా" అందట.

"పదేళ్ల ఆడపిల్లని హాస్టల్లో ఎలా వదలడం?" అని కొందరు తల్లులు వెనక్కి లాగుతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ వద్దనేముందు ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రండి. అన్నం ఎలా ఉంది, ఆడపిల్లల గదుల దగ్గర ఎవరుంటారు, ఇంటికి మాట్లాడే వీలుందా అడగండి. మూడో వంతు సీట్లు మన ఆడపిల్లలకే ఉంచారు. మనం పంపకపోతే అవి ఎవరికోసం?

సీటు రాని పిల్ల మొద్దా?

జిల్లా మొత్తానికి ఎనభై సీట్లంటే, రాని పిల్లలే ఎక్కువ. వాళ్లంతా తెలివి తక్కువవాళ్లా? ఇక్కడే ఆ అమ్మాయి అభిప్రాయం నాకు బాగా నచ్చింది. "సంతలో కొబ్బరికాయల లెక్క నోటితో చెప్పే పిల్లాడికి పరీక్షలో సున్నా రావచ్చు. వాడి తెలివి కనిపెట్టాల్సింది మేష్టారు. ముందుగా లెక్క చేసేసిన పిల్లని చేతులు కట్టుకు కూర్చోబెట్టకుండా ఇంకో కష్టమైన లెక్క ఇస్తే చాలు, దానికి వేరే బడి ఎందుకు?" అంటుంది.

ఒక్కచోట మాత్రం ఆమెతో నాకు పేచీ ఉంది. మామూలు బడిలో మేష్టారికి అంత తీరిక ఎక్కడిది? వేరే బడీ ఉండాలి, మామూలు బడీ బాగుండాలి. ఇక ఇంట్లో మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. "అక్క తెలివైంది, నువ్వు మొద్దువి" అన్న మాట నోట రానివ్వకండి. ఆ మాట ఇద్దరికీ చేటే. ఒకరికి పొగరు, ఇంకొకరికి నీరసం.

తల్లులూ, ఇవి గుర్తుంచుకోండి

- నవోదయ: మన జిల్లాలో సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో ఉంది. ఐదో తరగతిలో ఒక్కసారే రాయాలి. తెలుగులో రాయొచ్చు. 80 ప్రశ్నలు, రెండు గంటలు. బుద్ధికుశలత, లెక్కలు, భాష ఉంటాయి. తిండి, వసతి ఉచితం. దరఖాస్తుకి రుసుము లేదు.

- ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం: 2008లో మొదలైంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాస్తారు. ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకి 50 చాలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి.

- ట్రిపుల్ ఐటీ: శ్రీకాకుళం క్యాంపస్ ఎచ్చెర్ల దగ్గర 2016లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే ఊరి బడిలో చదవడం ఇక్కడ కూడా లాభమే.

తారీఖులు ఏటా మారుతుంటాయి. బడి తెరిచిన వారంలోనే హెడ్మాస్టరుని కలిసి, "మా పిల్ల ఈ ఏడు ఏ పరీక్ష రాయొచ్చు? ఆఖరు తేదీ ఎప్పుడు?" అని అడగండి. జవాబు పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీదే రాసి పెట్టండి. మనకి చదువు రాకపోయినా ఫరవాలేదు, అడగడానికి సిగ్గుపడకపోతే చాలు.