పసిరిక పాము కళ్ళు పొడుస్తుందా?

తార్నాక వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి నడిస్తే, బస్సుల రొద వెనకబడి చెట్లూ పొదలూ మొదలవుతాయి. ఒక వానాకాలం ఉదయం అక్కడ నలుగురు కుర్రాళ్ళు పొద మీదికి రాళ్ళు విసురుతున్నారు. "పసిరిక పామండీ మాస్టారూ! కళ్ళు పొడుస్తుంది" అన్నాడొకడు. మా అమ్మమ్మ కూడా ఇదే మాట చెప్పేది. నేను వారించేసరికే ఆలస్యమైపోయింది.

చచ్చిన పామును కర్రతో ఇవతలికి తీశాం. ఆకుపచ్చని తీగ లాంటి శరీరం, మొనదేలిన ముక్కు. "దాని కన్ను చూడండి" అన్నాను. కనుపాప గుండ్రంగా లేదు, అడ్డంగా ఉంది. కంటి ముందు నుంచి ముక్కు కొన దాకా సన్నని గాడి. చాలా పాములకు కళ్ళు పక్కలకే చూస్తాయి. పసిరిక పాము మాత్రం ఈ గాడి వెంబడి రెండు కళ్ళతోనూ ముందుకు చూడగలదు. ఇదే ద్వినేత్ర దృష్టి.

దీనివల్ల లాభమేమిటి? రెండు చేతుల్లో రెండు పెన్సిళ్ళు పట్టుకోండి. ఒక కన్ను మూసి, చేతులు చాచి వాటి మొనలు కలపండి. గురి తప్పుతుంది! రెండు కళ్ళూ తెరిస్తే సులువుగా కలుస్తాయి. కొమ్మ మీది తొండ ఎంత దూరంలో ఉందో పాముకు తెలిసేదీ ఇలాగే.

మరి కళ్ళు పొడవటం? ఈ పాము మన ముఖమంత ఎత్తున పొదల్లో కదలకుండా ఉంటుంది. ఆకులు తప్పించబోతే బెదిరి, నోరు తెరిచి ముందుకు దూకుతుంది. కథ అక్కడే పుట్టి ఉంటుంది. దాని కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి, విషం స్వల్పం. అయినా చేత్తో పట్టకండి. ఏ పాము కరిచినా ఆసుపత్రికే వెళ్ళాలి.

దీని ప్రజాతి పేరు అహేతుల్లా. సింహళంలో ఆ మాటకూ కళ్ళు పొడిచేదనే అర్థం! మన పామునూ శ్రీలంక పామునూ చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. అవి వేరువేరని 2020లో తేల్చారు.

దక్షిణ అమెరికా వాన అడవుల్లోనూ ఇలాంటి పచ్చని తీగపాము ఉంది, పేరు ఆక్సీబెలిస్. పోలికే గాని దగ్గరి చుట్టరికం లేదు. కొమ్మల మధ్య ఒకే రకం బతుకు రెంటికీ ఒకే రూపం తెచ్చింది. దీన్ని అభిసారి పరిణామం అంటారు. తేడా కావాలంటే కన్నే చూడండి: దాని కనుపాప గుండ్రం. పైగా అది గుడ్లు పెడుతుంది, మనది పిల్లల్ని కంటుంది.

ఈ సంగతి చెప్పగానే, ఇందాక రాయి విసిరిన కుర్రవాడు వంగి పాము పొట్ట వైపు చూశాడు. "దీని కడుపులో కూడా ఉన్నాయా మాస్టారూ?" అని అడిగాడు.