భోజనాల బల్ల మీద చందుర్తి యుద్ధం

బొబ్బిలి యుద్ధానికి బుర్రకథ ఉంది, సినిమా ఉంది. ఆ తరవాత రెండేళ్లు తిరక్కుండా గొల్లప్రోలు దగ్గర జరిగిన చందుర్తి యుద్ధానికి చరిత్ర పాఠంలో రెండు వాక్యాలు దక్కితే గొప్ప. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా ఉన్నన్నాళ్లూ దాని గురించి ఇంకాస్త చెబుదామంటే సిలబస్ తరుముకొచ్చేది. రిటైరయ్యాక తొందరేముంది? కాగితం సైనికుల్ని చేసుకుని ఆ యుద్ధాన్ని మా భోజనాల బల్ల మీద ఆడుతున్నాను.

ఈ వయసులో బొమ్మలాటేమిటని అడిగేవాళ్లకి హెచ్.జి. వెల్స్ పేరు చెబుతాను. కాలయంత్రం కథ రాసిన ఆయనే. 1913లో ‘లిటిల్ వార్స్’ అని చిన్న పుస్తకం వేశాడు. నడివయసు పెద్దమనుషులు నేల మీద మోకాళ్లూని, బొమ్మ సైనికులతో పద్ధతిగా యుద్ధం ఎలా ఆడాలో అందులో రాశాడు. పదాతి ఒక విడతకి అడుగు దూరం నడుస్తుంది, గుర్రం రెండడుగులు పోతుంది. స్ప్రింగుతో చిన్న కర్రముక్కని విసిరే బొమ్మ ఫిరంగి ఒకటి ఉండేది. దానితో గురిచూసి కొట్టాలి, పడినవాడు పడ్డట్టే. అదృష్టంతో పనిలేదు, చెయ్యి వణక్కుండా ఉంటే చాలు. ఆ మరుసటి ఏడాదే నిజం ఫిరంగులు యూరప్ అంతటా మోగాయి. యుద్ధమంటే సరదా పడేవాళ్లు ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడితే అసలు యుద్ధం ఎంత గందరగోళమో వాళ్లకే తెలుస్తుందని వెల్స్ వాదన. ఆ వాదన ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆయన ఆడుకున్న సైనికులు లండన్‌లోని బ్రిటన్స్ కంపెనీవి. అంతకుముందు బొమ్మ సైనికులంటే ఎక్కువగా జర్మనీ సరుకు, నిండు పోత. 1893లో విలియం బ్రిటన్ ఒక కిటుకు పట్టాడు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మధ్యలో ఇంకా జారుగా ఉన్నదాన్ని వంచేశాడు. బొమ్మ డొల్లగా వచ్చింది. సీసం మిగిలింది, బరువు తగ్గింది, ధర దిగింది. 54 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆ బొమ్మలు మామూలు ఇళ్లకీ చేరాయి. పాత వస్తువుల దుకాణంలో అలాంటిది ఎప్పుడైనా దొరికితే చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, అరగదీయకండి. సీసం సీసమే.

తరవాత ప్లాస్టిక్ వచ్చింది. 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ వాళ్లు బొటనవేలి ముక్కంత మెత్తటి సైనికుల్ని పెట్టెలకొద్దీ అమ్మారు. సీసంతో పది మందిని కొనలేని పిల్లవాడికి ప్లాస్టిక్‌తో ఒక పటాలమే దొరికింది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకంతో ఆ పటాలాలకి నిబంధనలు ఇచ్చాడు. ఆయన వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లకి ఫిజియోథెరపీ. అక్కణ్ణించి ఆట పెరిగింది, నిబంధనల పుస్తకాలూ లావెక్కాయి. పేజీలకొద్దీ పట్టికలు చూసుకుంటే గానీ ఒక గుర్రం కదలని పరిస్థితి వచ్చింది. వందల బొమ్మలు కొని, సగానికి రంగులేసి, అటక మీదికి ఎక్కించినవాళ్లు ఈ లోకంలో కొల్లలు. సైన్యం కట్టడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది యుద్ధం దాకా రారు.

దీనికి విరుగుడు కూడా ఇంగ్లండులోనే పుట్టింది. ఫిల్ బార్కర్ 1990లో తెచ్చిన ‘డీబీఏ’ అనే ఆటలో ఒక్కో సైన్యానికి పన్నెండు పీటలే. పీట అంటే కొద్దిమంది సైనికుల్ని అతికించిన చిన్న అట్టముక్క. పాచికలు వేసి, బలాబలాలు కూడి చూడాలి. ఎదుటివాడి మొత్తం మనకి రెట్టింపైతే మన పీట బల్ల దిగుతుంది, కొంచెమే ఎక్కువైతే మామూలుగా వెనక్కి తగ్గుతుంది. నాలుగు పీటలు పోతే సాధారణంగా ఓటమే. ఏనుగులతో సహా మన ప్రాచీన భారత సైన్యానికీ అందులో చోటుంది. నీల్ థామస్ 2014లో ‘వన్ అవర్ వార్‌గేమ్స్’లో ఇంకా తగ్గించాడు. మూడడుగుల చదరం, ఒక్కో వైపు ఆరు దళాలు, గంట సమయం. ప్రతి దళానికీ పదిహేను దెబ్బలు తినే ఓపిక ఉంటుంది, పదిహేనోది తగిలితే బల్ల ఖాళీ చెయ్యాలి. నాకు నచ్చింది ఇదే. ఆరు దళాల్ని ఏ గృహస్థైనా తయారు చేసుకోగలడు.

నా సైన్యం కాగితంది. ఒక సైనికుణ్ణి మూడు సెంటీమీటర్ల ఎత్తున శ్రద్ధగా గీస్తాను. అతని తలమీదుగా మడత వచ్చేలా, పైన వీపు వైపు బొమ్మ తలకిందులుగా గీస్తాను. మడిచి అతికిస్తే ముందూ వెనకా ఉన్న మనిషి లేస్తాడు. అలాంటివి ఎనిమిది పక్కపక్కన పెట్టి జిరాక్స్ తీయిస్తే ఒక వరస. కాళ్ల దగ్గర అరంగుళం కాగితం వదలాలి, అతికేది అక్కడే. చుట్టూ కత్తిరించాక తెల్లటి అంచుల్ని నల్ల స్కెచ్ పెన్నుతో ఒకసారి దిద్దాలి. చిన్న పనే, కానీ దాంతోనే కాగితం పోయి బొమ్మ కనబడుతుంది. కింద పీటలకి మా ఇంట్లో పేరుకున్న పెళ్లి శుభలేఖల అట్టలు వాడతాను. ఈమధ్య శుభలేఖలు ఎంత మందంగా వేస్తున్నారంటే రెండు కలిపి అతికిస్తే ఫిరంగినైనా మోస్తాయి. ఐదంగుళాల వెడల్పు పీట మీద ఫెవికాల్ రాసి, జల్లించిన ఇసుక చల్లి, ఆరాక మట్టిరంగు వేస్తే చందుర్తి నేల సిద్ధం. పన్నెండు దళాలకీ కలిపి నాకు ఖర్చు రెండు మూడొందలు దాటలేదు.

ప్లాస్టిక్ సైనికులే కావాలనుకుంటే ముందు సబ్బునీళ్లతో కడగండి. అచ్చునుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు వాటిమీద ఉంటుంది, దానిమీద రంగు నిలవదు. ఇక రంగు విషయం. బొమ్మని కళ్లద్దాలు పెట్టుకుని ముక్కు దగ్గర చూడకండి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ఆ దూరంలో కనిపించేవి కోటు, టోపీ, ముఖం, తుపాకీ. కనుబొమలు దిద్దడం మొదలుపెట్టారంటే యుద్ధం వచ్చే సంక్రాంతికి వాయిదా.

కోటు రంగుకి చందుర్తి కథలో పెద్ద పాత్రే ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ వెళ్లిపోయాక కోస్తాలోని ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పెత్తనం కాన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చింది. వాళ్లతో చెడిన విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డుని పంపాడు. 1758 డిసెంబరులో రెండు సైన్యాలూ చందుర్తి దగ్గర ఎదురుపడ్డాయి. తెల్లవాళ్లు ఇటూ అటూ సుమారు ఐదేసి వందలే. సిపాయిలు మాత్రం ఫోర్డుకి రెండు వేల లోపు, కాన్‌ఫ్లాన్స్‌కి ఆరు వేల దాకా. ఫిరంగుల్లోనూ ఫ్రెంచివాళ్లదే పైచేయి.

ఫోర్డు వెంట వచ్చిన సిపాయిలకి ఎర్రకోట్లున్నాయి. ఫ్రెంచివాళ్లు అప్పటిదాకా చూసిన ఇంగ్లీషు సిపాయిలకి అలాంటి దుస్తులు లేవు. ఎర్రకోటు కనబడితే తెల్లవాడే అనుకున్నారు. ఫోర్డు అసలు తెల్లదళమేమో మనిషెత్తు పెరిగిన పంటచేను వెనకపడి కంటికి ఆనలేదు. కాన్‌ఫ్లాన్స్ తన మేలైన దళాన్ని ఒక పక్కనున్న సిపాయిల మీదికి తోలాడు. సిపాయిలు చెదిరారు. గెలిచామనుకుని తరుముతూ వరస తప్పిన ఫ్రెంచివాళ్ల పక్కటెముకల్లోకి, చేను చాటునుంచి వచ్చిన అసలు దళం కాల్పులు దింపింది. యుద్ధం అక్కడే తిరిగిపోయింది.

దీన్ని బల్ల మీద ఎలా చూపాలి? చరిత్ర తెలిసిన కాన్‌ఫ్లాన్స్ మోసపోడు కదా. అందుకని ఫోర్డు వైపు నాలుగు ఎర్ర దళాలకీ ఒకే బొమ్మ వాడాను. పీట కింద చీటీ అంటించాను: మూడింటికి ‘సిపాయి’, ఒకదానికి ‘తెల్లదళం’. ఏది ఎక్కడ నిలబెట్టాలో ఫోర్డు ఇష్టం. మిగతా రెండూ ఒక ఫిరంగి, ఒక రాజుగారి దండు. కాన్‌ఫ్లాన్స్‌కి ఒక తెల్లదళం, మూడు సిపాయి దళాలు, రెండు ఫిరంగులు. తేడా తెలియాలి కాబట్టి ఆ వైపంతా తెల్లకోట్లు తొడిగాను. సిపాయి తలపాగా వేరు, దొర టోపీ వేరు అని బొత్తాలు లెక్కపెట్టే పండితులు ఆక్షేపిస్తారు. ఆక్షేపించనివ్వండి. దూరాన ఉన్న ఫ్రెంచి దళపతికి కనబడింది ఎరుపే. పంటచేనుకి కాళ్లు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టాని ముక్కలుగా కోసి వాడాను, నిలువు పీచు అచ్చం దుబ్బుల్లాగే ఉంటుంది. చేను వెనకున్న దళాన్ని ఎవరూ కాల్చకూడదు.

నేను ఆడే పద్ధతిలో పదాతి ఒక విడతకి ఆరంగుళాలు నడుస్తుంది, లేదా నిలబడి పన్నెండంగుళాల లోపు కాలుస్తుంది. రెండూ కుదరవు. పాచిక మీద పడిన సంఖ్యే దెబ్బల లెక్క. తెల్లదళమైతే అందుకు రెండు కలుపుకోవచ్చు, కానీ కలుపుకున్న క్షణంలో చీటీ విప్పి చూపాలి. ఆటలో రుచంతా ఇక్కడే. కలుపుకోకుండా ఎన్ని విడతలు ఓపిక పట్టగలరు?

ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు మొదటిసారి కాన్‌ఫ్లాన్స్‌గా కూర్చుని, బల్ల అంతా కలయజూసి అడిగాడు.

“మావయ్యా, అన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఇందులో దొరలెవరు?”

“కాన్‌ఫ్లాన్స్‌కి తెలియందీ అదేరా.”

వాడు దాడి చెయ్యలేదు. ఫిరంగుల్ని ముందు పెట్టుకుని, నా దళాల్ని ఒక్కొక్కటే కొడుతూ, చేను వంక అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. బాగా ఆడాడు. తన ఫిరంగుల బలాన్ని నమ్ముకుని అసలు కాన్‌ఫ్లాన్స్ కూడా అలాగే కూర్చుని ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఏ పాఠంలోనూ లేదు. వాడికి మాత్రం ఆడుతుండగానే తట్టింది. చరిత్ర పాఠానికి ఇంతకన్నా మంచి పరికరం నేను ఉద్యోగంలో ఉండగా చూడలేదు.

ఈ ఆటలో రాజుగారి దండుని నడపడమే కష్టం. అసలు యుద్ధంలోనూ గెలుపోటముల్లో వాళ్ల పాత్ర పెద్దగా లేదు. అందుకని పాచిక మీద ఐదో ఆరో పడితేనే ఆ దళం కదలాలని పెట్టాను. మన నేల మీద పరాయివాళ్లు తలపడుతుంటే మనవాళ్లు పక్కన నిలబడ్డారన్న సంగతి నాకు బల్ల మీదా మింగుడుపడదు, కానీ నిబంధన మార్చలేదు.

ఫోర్డు 1759 ఏప్రిల్‌లో రాత్రిపూట దాడి చేసి బందరు కోట పట్టాడు. తరవాత ఆడబోయేది అదే. దానికి బురుజులు కావాలి, మిఠాయి పెట్టెలు పోగుచేస్తున్నాను.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు బొమ్మలు కొనకండి. మీ ఊరికి దగ్గరలో జరిగిన యుద్ధం ఒకటి వెతికి పట్టుకోండి. ఒక్కో వైపు ఆరు దళాలు చాలు. మొదటి ఆటకి రంగులు కూడా అక్కర్లేదు, అట్టముక్కల మీద ‘గుర్రం’, ‘ఫిరంగి’ అని రాసుకుని ఆడి చూడండి. ఆట బాగుందనిపిస్తే అప్పుడు కత్తెర తియ్యండి.